జాషువా పద్యంలో బాకీ లెక్క

గుర్రం జాషువాను కరుణరస కవి అని పొగిడి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. జయంతి సభల్లో ఏటా ఇదే వరస. ఆయన పద్యాలకు కళ్లు చెమరుస్తాయి, నిజమే. కానీ నిదానంగా చదివితే వాటిలో జాలి కోరే గొంతు కన్నా బాకీ అడిగేవాడి గొంతే గట్టిగా వినిపిస్తుంది.

1941 నాటి 'గబ్బిలం' కావ్యంలో "ముప్పు ఘటించి" అని మొదలయ్యే ఉత్పలమాల పద్యం చూడండి. తన కులాన్నీ కలిమినీ కబళించి, ఒంటిని పిప్పి చేసిన భరతవీరుడి పాదం కందకుండా చెప్పులు కుట్టిపెట్టే మనిషి అందులో ఉన్నాడు. ఎన్నడూ కాదనని ఆ సేవకు "అప్పువడ్డది సుమీ భరతావని" అని కవి తేల్చేస్తాడు. పాదాలన్నిటిలో రెండో అక్షరం ఒకటే కావాలన్న ప్రాస నియమం ముప్పు, పిప్పి, చెప్పు, ఎప్పుడు అన్న మాటల్ని ఒకే తాటికి కట్టింది. చివరి పాదంలో అదే మోతతో అప్పు వచ్చి పడుతుంది. చెప్పుకూ అప్పుకూ ఉన్న సంబంధాన్ని వాదించి చెప్పాల్సిన పని లేకుండా చెవికే తెలిసేలా చేశాడు. ఇక్కడ ఛందస్సును అలంకారం అనడం అన్యాయం.

కావ్యం అల్లిక కూడా అంతే పదునైనది. 'మేఘసందేశం'లో మేఘంతో కబురు పంపే కాళిదాసు యక్షుడి శాపానికి ఏడాది గడువుంది, సందేశం భార్యకు. అంటరానివాడైన జాషువా నాయకుడి వెలికి గడువే లేదు, సందేశం కాశీలోని శివుడికి. మోసుకెళ్లేది అపశకునమని అందరూ తరిమే గబ్బిలం. నాయకుడు అడుగు పెట్టలేని గుడిలో అది హాయిగా వేలాడుతుంది. "పూజారి లేనివేళ" శివుడి చెవిలో నా కథ చెప్పమంటాడు. ఆ రెండు మాటల్లో ఇమిడిన అభియోగం పేజీల కొద్దీ రాసినా రాదు.

తోటి కవులు కొందరు ఉత్పలమాల లాంటి వృత్తాలను వదిలేస్తున్న రోజుల్లో ఈయన పద్యాన్నే పట్టుకున్నాడని, అది పాతదనమని కొందరి అభిప్రాయం. నేను ఒప్పుకోను. పద్యం తమ సొత్తని చెప్పుకున్నవాళ్లను ఆ పద్యంతోనే నిలదీయడం వేరే పద్ధతిలో సాధ్యమయ్యేది కాదు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి అంతటి పండిత కవి స్వయంగా జాషువా కాలికి గౌరవ చిహ్నమైన గండపెండేరం తొడిగాడంటే ఆ పద్యం బలం ఊహించవచ్చు. పద్యం కాబట్టే ఆయన రాసింది హరిశ్చంద్ర నాటకం కాటి సీనులోకీ వెళ్లింది. "ఇట నస్పృశ్యత సంచరించుటకు తావే లేదు" అని శ్మశానాన్ని చూపించి నటుడు రాగం తీస్తుంటే అంటరానితనం పాటించే ఊళ్లే రాత్రంతా కూర్చుని విన్నాయి. పుస్తకం పట్టని జనం దాకా ఆ మాట అలా చేరింది.

గబ్బిలానికి దారి చెబుతూ క్షేత్రాలనూ చారిత్రక స్థలాలనూ వర్ణించే చోట్ల మాత్రం కావ్యం నెమ్మదిస్తుంది. మొదట్లో రాజేసిన కోపం అక్కడ కాస్త చల్లారుతుందని నాకనిపిస్తుంది.

1932లో వచ్చిన 'ఫిరదౌసి'ని దీని పక్కన పెట్టి చదివేవాళ్లు తక్కువ. పారశీక కవి ఫిరదౌసికి పద్యానికో బంగారు నాణెం ఇస్తానని, చివరికి వెండితో సరిపెట్టిన గజనీ సుల్తాను కథ అది. ఒకటి చారిత్రక విషాదమని, రెండోది దళిత వేదన అని విడదీసి బోధిస్తున్నాం. రెండింటిలోనూ బోనెక్కింది పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడే.