ఏసీ నాబ్‌ను మింగిన టచ్‌స్క్రీన్ గారికి

మహారాజశ్రీ టచ్‌స్క్రీన్ గారి దివ్య సముఖమునకు, తమరు కొలువైన కారుకు నెలనెలా వాయిదాలు కట్టుకునే సేవకుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. మొన్న ఆదివారం రాత్రి సూర్యాపేట దాటాక ఈ వాక్యం రాయమని ఉంటే కొంచెం ఆలోచించేవాడిని.

తమరిని మొదట షోరూములో దర్శించుకున్నాం. పదింబావు అంగుళాల నల్లని మూర్తి. అమ్మే కుర్రవాడు వేలితో అటూ ఇటూ తోస్తూ ఒక్కొక్క బొమ్మా చూపిస్తుంటే, నేనూ మా ఆవిడా గుళ్ళో హారతి చూసినట్టు చూశాం. మా అమ్మ ఒక్కతే, "బటన్లు ఏవి నాయనా?" అని అడిగింది. "బటన్లు లేకపోవడమే దీని ప్రత్యేకత అమ్మా" అన్నాడు. లేకపోవడాన్ని కూడా ధర కట్టి అమ్మవచ్చని నాకు ఆ రోజే అర్థం కావలసింది.

ఆదివారం సంగతికి వస్తాను. విజయవాడలో పెళ్ళి భోజనం చేసి హైదరాబాదు బయలుదేరాం. సూర్యాపేటలో టీ కోసం దిగితే వాన పట్టుకుంది. నలుగురం తడిసి ఎక్కాం. తడి బట్టలు, నాలుగు ఊపిరులు, మూసిన కిటికీలు. నకిరేకల్ ఇంకా రాకముందే ముందరి అద్దం లోపలి నుంచి పాలు పోసినట్టు తెల్లబడడం మొదలైంది.

ఇది పెద్ద విపత్తేమీ కాదు. పాత కారులో పదమూడేళ్ళలో వందసార్లు జరిగి ఉంటుంది. అందులో మూడు నాబ్‌లు ఉండేవి. కుడివైపు దాన్ని చివరికంటా తిప్పితే గాలి అద్దం మీదికి వెళ్ళేది. వాటి మీద గీతలు, బొమ్మలు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా పని ఆగలేదు, ఎందుకంటే వాటిని కళ్ళతో చూడవలసిన అవసరమే లేదు. నా ఎడమ చెయ్యి నాకు చెప్పకుండానే వెళ్ళి తిప్పేసి వచ్చేది.

ఆ రాత్రి కూడా అలాగే వెళ్ళింది పాపం. నున్నటి గాజు తగిలి వెనక్కి వచ్చింది.

సరే, తమరి పద్ధతి ప్రకారమే వెళదామని మొదట దారి చూపే మ్యాపును పక్కకు తోశాను. ఏసీ బొమ్మ నొక్కాను. ఒక పేజీ వచ్చింది. అందులో ఉష్ణోగ్రత ఉంది, ఫ్యాను ఉంది, గాలి ఎటు వెళ్ళాలో లేదు. అది రెండో పేజీలో ఉంది. అక్కడ కుర్చీలో కూర్చున్న ఒక చిన్న మనిషి, ఆయన ముఖానికో బాణం, కాళ్ళకో బాణం, ఎదురుగా కందిగింజంత అద్దం. ఆ కందిగింజను నేను గంటకు 90 కిలోమీటర్ల వేగంలో, గతుకుల మీద ఊగుతూ, తడి వేలితో నొక్కాలి. తడి వేలంటే తమరికి గిట్టదు. ఒకసారి నొక్కితే పలకలేదు. రెండోసారి నొక్కితే గాలి కాళ్ళకు వెళ్ళింది. 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. ఒక్కో నొక్కుకు రెండేసి సెకన్లు వేసుకున్నా, ప్రతిసారీ 50 మీటర్ల జాతీయ రహదారిని నేను చూడకుండానే దాటానన్న మాట.

మూడోసారి నొక్కబోతుంటే తమరే ఒక ప్రకటన విడుదల చేశారు. కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉందట. ఇప్పుడా, తర్వాతా? అని. తర్వాత అన్నాను. అంతే, అలిగారు. తెర మధ్యలో ఒక తెల్లని చక్రం గిరగిరా తిరగడం మొదలైంది. కారు చక్రాల కన్నా అదే వేగంగా తిరిగింది.

నోటితో చెబితే వింటుందని షోరూములో చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. స్టీరింగు మీది బటన్ నొక్కి, ఆవిరి పోగొట్టమని "డీఫాగ్" అన్నాను. తెర బిగుసుకుపోయినా తమరి గొంతు మాత్రం బాగానే ఉంది. "దీపక్ అనే పేరుతో ముగ్గురున్నారు. ఎవరికి ఫోన్ చేయమంటారు?" అని ఇంగ్లీషులో, ఎంతో వినయంగా అడిగారు. వెనక సీటులో మా అమ్మ అప్పటికే ఆంజనేయ దండకం అందుకుంది.

మా ఆవిడ పమిట చెంగుతో అద్దం తుడిచింది. పట్టుచీర అండీ. అది ఇటున్న ఆవిరిని అటు సర్దింది, అంతే. ముందు వెళ్తున్న లారీ వెనక దీపాలు రెండూ కలిసి ఒక ఎర్రని మరకైపోయాయి. ఆ మరక దూరంగా ఉందో దగ్గరగా ఉందో తెలియలేదు. ప్రమాద సూచన దీపాలు వేసుకుని, వేగం తగ్గించి, రోడ్డు పక్కన ఒక పంక్చరు షాపు బల్బు కనిపిస్తే దాని వెలుగులోకి వెళ్ళి ఆగాను. ఆ దీపాలకు మాత్రం దయతలచి ఒక బటన్ వదిలారు. ధన్యవాదాలు. తర్వాత నాలుగు కిటికీలూ దించాం. మళ్ళీ తడిశాం. రెండు నిమిషాల్లో ఆవిరి పోయింది. పదిహేను లక్షలు పోసి కొన్న వాహనంలో ఆ రాత్రి మమ్మల్ని గట్టెక్కించింది కిటికీ.

మంగళవారం సెలవు పెట్టి తమరిని సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాను. ఉదయం పదింటికి తాళాలు ఇస్తే మధ్యాహ్నం మూడున్నరకు పిలిచారు.

"అయిపోయింది సార్. ఇప్పుడు బాగా పనిచేస్తోంది."

"ఏం చేశారు?"

"ఆఫ్ చేసి ఆన్ చేశాం సార్."

డబ్బు ఇస్తాను, ఒక్క నాబ్ పెట్టించగలరా అని అడిగాను. విమానానికి కాడి కట్టమన్నట్టు చూశాడు. "నాబ్‌లు కింది మోడల్లో ఉంటాయి సార్. మీది ప్రీమియం" అన్నాడు. అంటే మూడు లక్షలు ఎక్కువ ఇచ్చి నేను కొనుక్కున్నది ఆ కందిగింజనన్న మాట.

ఆ అయిదున్నర గంటలు కాగితం కప్పులో చల్లారిన టీ పట్టుకుని ఊరికే కూర్చోలేదు. తమరి వంశవృక్షం తవ్వాను. తమరి తాతగారు 1986లో అమెరికాలో బ్యూక్ రివియెరా అనే కారులో పుట్టారు. పాత టీవీల్లో ఉండే గాజు గొట్టమే ఒళ్ళు, దాని మీదే ఏసీ, రేడియో అన్నీ. కొన్నవాళ్ళు రోడ్డు చూడాలా తెర చూడాలా అని గొణిగారు. 1990 మోడల్ వచ్చేసరికి ఆయనను సాగనంపి మళ్ళీ బటన్లు పెట్టుకున్నారు. ఒకసారి మెడపట్టి గెంటిన ఇంటికే మనవడిగా తిరిగొచ్చి ఈసారి పెత్తనం చేస్తున్నారు, అదృష్టం!

2022లో స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక వాళ్ళు పన్నెండు కార్లను తీసుకుని విమానాల రన్‌వే మీద పరీక్ష పెట్టారు. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు పనులు చేయాలి. వాటిలో ఒకదానిలో, ఆశ్చర్యం చూడండి, అద్దం మీది ఆవిరిని పోగొట్టడమూ ఉంది. పదిహేడేళ్ళ నాటి బటన్ల వోల్వో, 2005 నాటిది, పది సెకన్లలో ముగించింది. అప్పటికి 306 మీటర్లు వెళ్ళింది. తమరి బంధువు ఒకరికి 44.6 సెకన్లు పట్టింది. 1,372 మీటర్లు. కిలోమీటరుకు పైగా! అది వాన లేని ఖాళీ రన్‌వే మీద. ముందు లారీ లేదు, వెనక ఆంజనేయ దండకం లేదు.

ఇంకొకటి చదివాక టీ పక్కన పెట్టేశాను. 2017లో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక చమురు నౌకను ఢీకొని పది మంది నావికులు చనిపోయారు. శిక్షణ లోపాలతో పాటు, నౌకను నడిపే తాకుడు తెరల రూపకల్పన కూడా పొరపాట్లకు దారి ఇచ్చిందని దర్యాప్తు తేల్చింది. ఆ తర్వాత 2019లో ఆ నౌకాదళం తన డిస్ట్రాయర్ రకం యుద్ధనౌకల్లో వేగాన్ని అదుపు చేయడానికి మళ్ళీ చేత్తో పట్టుకునే లివర్లే పెడతామని ప్రకటించింది.

ఇంతవరకూ మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు. నువ్వు ఎవరి కోసం పుట్టావు? నడిపేవాడి కోసం కాదు. చెయ్యి నేర్చుకున్న పనిని చెయ్యి నుంచి లాక్కుని కంటికి అప్పగించావు. ఆ కన్ను అప్పటికే వేరే పనిలో ఉంది, తెలియదా? నాబ్‌కు అచ్చు కావాలి, తీగ కావాలి, బిగించే మనిషి కావాలి. నీకైతే ఒక బొమ్మ గీస్తే చాలు. మిగిలిన ఆ ఖర్చుకు 'విలాసం' అని పేరు పెట్టి నా దగ్గరే వసూలు చేశారు. వెనక సీటులో ఉన్నది మా అమ్మ! డెబ్భై నాలుగేళ్ళు. నువ్వు చక్రం తిప్పుకుంటూ కూర్చున్నావు.

క్షమించాలి. మళ్ళీ 'మీరు'లోకి వస్తాను.

ఐరోపాలో కార్లకు భద్రతా నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి కొత్త మెలిక పెట్టింది. ఇండికేటర్లు, ప్రమాద సూచన దీపాలు, హారను, వైపర్లు, అత్యవసర పిలుపు, ఈ అయిదింటికీ నిజమైన బటన్లో మీటలో ఉంటేనే పూర్తి మార్కులు. చదివి పొంగిపోయాను. మళ్ళీ చదివాను. ఆ జాబితాలో ఏసీ లేదు. వాళ్ళకేం, చలిదేశాలు.

తమరి పరివారం గురించి కూడా రెండు మాటలు. నెత్తిన సన్‌రూఫ్ ఉంది. రెంటచింతల ఎండలు కాసే తెలుగునేల మీద మే నెలలో ఆకాశం ఎవరు చూస్తారు స్వామీ? తలుపుల్లో 64 రంగుల దీపాలున్నాయి, చతుష్షష్టి కళలకు లెక్క సరిపోయింది. గీత దాటితే స్టీరింగును వెనక్కి లాగే యంత్రం ఒకటి ఉంది. రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసిన చోట నేను పక్కకు జరిగితే, నన్ను మళ్ళీ వడ్ల మీదికే నెడుతుంది. గీత దానికి తెలుసు, గింజ తెలియదు. బెల్టు పెట్టుకోమని మోగే గంట 2019 జులై నుంచి వచ్చిన కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి, మంచిదే, దాని మీద నాకు కోపం లేదు. పక్క సీటులో నూజివీడు మామిడిపళ్ళ బుట్ట పెడితే దానికీ మోగింది. బుట్టకు బెల్టు పెట్టి ఇంటికి తెచ్చాను. పళ్ళు ఒక్కటీ నలగలేదు.

ఈ కారులో నేను మెచ్చుకునేవి లేవని కాదు. ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా షోరూము కుర్రవాడు చెప్పలేదు. మా అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు నిట్టనిలువుగా ఉంటుంది. దాని మీద ఆగి కదిలేటప్పుడు కారు వెనక్కి జారకుండా రెండు సెకన్లు తనంతట తానే పట్టుకుంటుంది. చేయి వేసిన పెద్దన్నలా ఉంటుంది ఆ పట్టు. మొదటివారం దాని ఉనికే నాకు తెలియలేదు. ఆదివారమే పొద్దున వెళ్ళేటప్పుడు కోదాడ దగ్గర ఒక టైరులో గాలి 33 ఉండవలసింది 24కు దిగిందని హెచ్చరిక వచ్చింది. దిగి చూస్తే మేకు. విజయవాడలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు ఎక్కితే, సీటులోంచి వీపుకు చల్లగాలి తగిలింది. దాన్ని కనిపెట్టిన మహానుభావుడు ఎవరోగాని ఆయన కడుపు చల్లగా.

ఇక తమరి వంతు. రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అబద్ధం రాయలేను. నిన్న రాత్రి కరెంటు లేదు. సెల్లారులో కారు వెనక్కి తీస్తున్నాను. తెర మీద, ఎడమ చక్రానికి జానెడు దూరంలో, ఒక నల్లని ముద్ద కనిపించింది. చీకట్లో నల్ల కుక్క. వాచ్‌మన్ అన్నం పెట్టే కుక్కే. నిద్రపోతోంది. అద్దాల్లో చూశాను, కనపడలేదు. మళ్ళీ తమరిని చూశాను, చెవి కదిలింది. దిగి అదిలిస్తే నన్నే తిట్టినట్టు చూసి వెళ్ళిపోయింది. పాత కారుకు నాబ్‌లు మూడు ఉండేవి నిజమే, వెనక కళ్ళు లేవు. దాని వెనక బంపరు మీద మా సెల్లారు స్తంభాల రంగులన్నీ ఉండేవి.

కాబట్టి తమరిని పీకించే ఆలోచన విరమించుకున్నాను. వెనక్కి వెళ్ళేటప్పుడు తమరు చూపండి, నేను చూస్తాను. ముందుకు వెళ్ళేటప్పుడు నా చేతికి ఒక నాబ్ ఇప్పించండి. ఒక్కటి చాలు. అరిగిపోయినదైనా ఫరవాలేదు.

ఇట్లు,
తమరి యజమానిననుకుని సంతకం పెట్టినవాడు

తా.క.: పాత కారు అమ్మకముందు ఒక నాబ్ బీటలు వారితే మెకానిక్ కొత్తది వేశాడు. పాతది సొరుగులో పడి ఉంది. నిన్న తీసుకెళ్ళి గేరు పక్కన కప్పు పెట్టుకునే గుంటలో వేశాను. ఈ రోజు సిగ్నల్ దగ్గర ఎండ మండిపోతుంటే, తమరి రెండో పేజీ తెరుచుకునేలోగా దాన్ని గుప్పిట్లో పట్టుకుని కుడి నుంచి ఎడమకు చివరికంటా తిప్పాను. మా ఆవిడ చూసింది.

"ఏమండీ, తగ్గిందా?" అంది.

కొంచెం తగ్గిందన్నాను.