పురపాలనకు ముందు కావలసింది పాలకవర్గం

మహా విశాఖ నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2012 ఆరంభంలో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ తొమ్మిదేళ్లలో అనకాపల్లి, భీమునిపట్నం నగరంలో కలిశాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరాన్ని అతలాకుతలం చేసింది. స్మార్ట్ సిటీల తొలి జాబితాలో విశాఖకు చోటు దక్కింది. ఒక నగర చరిత్రలో ఇంతకన్నా కీలకమైన దశాబ్దం అరుదుగా వస్తుంది. ఏ రోడ్డు ముందు వేయాలో, ఏ కొండవాలు కాలనీకి మంచినీరు ముందు చేర్చాలో, పునర్నిర్మాణానికి వచ్చిన డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో చర్చించడానికి ఆ కాలమంతా ఎన్నికైన కౌన్సిల్ అన్నదే లేదు. తిరుపతికి 2007లో నగరపాలక హోదా వస్తే, ఆ హోదాలో తొలి ఎన్నిక చూడటానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం 2021లోనూ ఎన్నికలకు నోచుకోలేదు.

పౌరసేవల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా మనం చెత్త బండి రాలేదనో, కాలువ పొంగిందనో, వీధి దీపం వెలగలేదనో మొదలుపెడతాం. పరిష్కారంగా ఒక కొత్త యాప్, ఒక టోల్‌ఫ్రీ నంబరు, ఒక కొత్త పథకం వస్తాయి. వాటి ప్రయోజనాన్ని కాదనలేం. కానీ ఫిర్యాదు నమోదు చేయడం వేరు, దానికి బాధ్యత వహించే వ్యక్తిని వార్డు ప్రజలు ఐదేళ్లకొకసారి ఓటుతో నిలదీయగలగడం వేరు. ఈ రెండోది లేనప్పుడు మొదటిది ఎంత చక్కగా అమర్చినా నిలవదన్నది ఈ వ్యాసకర్త దృఢమైన అభిప్రాయం.

రాజ్యాంగం ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. పురపాలక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పురపాలక మండలి గడువు ఐదేళ్లే అనీ, ఆ గడువు ముగిసేలోపే తదుపరి ఎన్నికలు పూర్తి కావాలనీ 243-యు అధికరణం చెబుతోంది. అహ్మదాబాద్ నగరపాలక సంస్థకు సంబంధించిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే మాటను మరింత గట్టిగా చెప్పింది: వార్డుల విభజన పూర్తికాలేదనో, ఓటర్ల జాబితా సిద్ధం కాలేదనో ఎన్నికలను వాయిదా వేయడానికి వీల్లేదని. అయినా జరుగుతున్నది అదే. బెంగళూరులో 2020 సెప్టెంబరులో, ముంబయిలో 2022 మార్చిలో పాలకవర్గాల గడువు ముగిశాక ఏళ్ల తరబడి అధికారులే ఆ మహానగరాలను ఏలారు. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన పురపాలక మండళ్ల గడువు 2025 జనవరిలో తీరిపోగా, ఆలోపు ఎన్నికలు జరగక ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది.

వాయిదా వేసే పద్ధతి అన్నిచోట్లా దాదాపు ఒకటే. గడువు దగ్గరపడుతుండగా చుట్టుపక్కల గ్రామాలను నగరంలో విలీనం చేస్తూ ఉత్తర్వు వస్తుంది. విలీనం జరిగింది కనుక వార్డులను మళ్లీ గీయాలంటారు. గీసిన సరిహద్దుల మీద, రిజర్వేషన్ల మీద అభ్యంతరాలు వస్తాయి, వాటి మీద కేసులు పడతాయి, కేసులు తేలేదాకా ఎన్నికలు ఆగుతాయి. విలీనాలు తప్పని కాదు. ఊరు పెరిగినప్పుడు హద్దులు మారక తప్పదు. అయితే ఏ రోజు విలీనం చేయాలి, ఏ రోజు వార్డులు గీయాలి అన్నది ప్రభుత్వం చేతిలోనే ఉన్నంతకాలం, అధికారంలో ఉన్నది ఏ పార్టీ అయినా, తనకు అనువుగా లేని ఎన్నికను జరపకుండా ఉండే దారి దానికి తెరిచే ఉంటుంది.

మండలి లేకపోతే నష్టమేమిటి, కమిషనర్ సమర్థుడైతే చాలదా అని అడిగేవారున్నారు. సమర్థులైన కమిషనర్లు మన పట్టణాలకు మేలు చేసిన మాట నిజమే. కానీ కమిషనర్ బదిలీ అయిన రోజున ఆయన మొదలుపెట్టిన పనికి దిక్కెవరు? అంతకన్నా ముఖ్యమైన నష్టం పన్నుల విషయంలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నడిమికే చాలా పురపాలక సంఘాల పాలకవర్గాల గడువు ముగిసింది. ఆ ఖాళీలోనే, 2020లో, ఆస్తి పన్ను లెక్కించే విధానం మారింది. అంతకుముందు ఇంటికి వచ్చే వార్షిక అద్దె విలువ మీద పన్ను వేసేవారు; కొత్త విధానం దాన్ని రిజిస్ట్రేషన్ విలువతో ముడిపెట్టి, ఏటా పెంపు 15 శాతానికి మించకూడదని పరిమితి విధించింది. రాష్ట్రాల అదనపు అప్పులకు కేంద్రం పెట్టిన షరతుల్లో పట్టణ పన్నుల సంస్కరణ ఒకటి కావడం ఈ తొందరకు కారణం. పన్ను పెరగడాన్ని ఇక్కడ తప్పుపట్టడం లేదు. ఇంటి పన్ను ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, నీళ్లూ కాలువలూ మాత్రం మెరుగుపడాలనుకోవడం కుదరని పని. పన్ను కట్టేవాడికి తన వార్డు ప్రతినిధి మండలిలో లేచి ‘ఈ డబ్బుతో మా వార్డుకు ఏం చేస్తారు’ అని అడిగే అవకాశమే లేని సమయంలో ఆ మార్పు జరగడమే అభ్యంతరం.

చెత్త పన్ను కథ ఇంకా స్పష్టం. 2021 అక్టోబరు 2న ప్రారంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో భాగంగా నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల వరకు రుసుము విధించారు. జనం మండిపడ్డారు, వసూలు చేయలేక వార్డు సిబ్బంది నలిగిపోయారు. ప్రభుత్వం మారాక 2024 చివర్లో దాన్ని రద్దు చేశారు. విధించాలన్న నిర్ణయం రాష్ట్ర స్థాయిలో జరిగింది, రద్దు నిర్ణయమూ అక్కడే జరిగింది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి సేకరించడానికయ్యే ఖర్చు మాత్రం రెండు సందర్భాల్లోనూ పురపాలక సంఘం మీదే ఉంది. ఒక మున్సిపాలిటీ తన లెక్కలు ముందు పెట్టి, ఇంత సేవకు ఇంత రుసుమని తన ప్రజలతో తేల్చుకుని ఉంటే కొన్ని పట్టణాలు ఒప్పుకునేవి, కొన్ని తిరస్కరించేవి, కొన్ని వేరే మార్గం వెతుక్కునేవి. ఆ ప్రయోగానికి తావే లేకుండా పోయింది.

ఇక ఎన్నికైన మండలి ఉన్నచోట దాని చేతిలో ఏముంది? హైదరాబాద్‌లో మంచినీరు, మురుగునీరు 1989 నుంచి జలమండలి చూస్తోంది. చుట్టుపక్కల భూముల అభివృద్ధి మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది. చెరువులు, నాలాల ఆక్రమణల తొలగింపు 2024 నుంచి హైడ్రా అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ బాధ్యత. వీటిలో ఏదీ నగర మేయర్‌కు జవాబుదారీ కాదు. వర్షాకాలంలో ఇంట్లోకి నీళ్లొచ్చినవాడు కార్పొరేటర్‌నే అడుగుతాడు. కార్పొరేటర్ ఎవరినీ ఆదేశించలేడు. 18 రాష్ట్రాల్లో 74వ సవరణ అమలును పరిశీలించి, ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ 2024లో విడుదల చేసిన నివేదిక కూడా దీన్నే చూపింది: పురపాలికలకు అప్పగించదగిన పనులను చెప్పే రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులోని 18 విధుల్లో సగటున 17 చట్టం ప్రకారం బదిలీ అయినా, పూర్తి స్వేచ్ఛతో పురపాలికలు నిర్వహిస్తున్నవి నాలుగే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో వచ్చిన వార్డు సచివాలయాలను ఈ కోణంలో చూడాలి. ధ్రువపత్రాల కోసం మండల కార్యాలయం చుట్టూ తిరిగే అవస్థను అవి నిజంగానే తగ్గించాయి. పారిశుద్ధ్యానికి, వసతులకు విడివిడిగా కార్యదర్శులు వార్డులోనే దొరకడం గొప్ప అవకాశం. కానీ అవి పుట్టినప్పుడు పాలకవర్గాలు లేవు; తర్వాత వచ్చినా వాటి పనిలో కార్పొరేటర్‌కు స్పష్టమైన స్థానం కుదరలేదు. సచివాలయం నెలనెలా వార్డు సభ ముందు కూర్చుని, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, కాలువల పూడికతీతకు ఎంత ఖర్చయిందో, పారిశుద్ధ్య కార్మికుల్లో ఎందరు పనికి వచ్చారో చదివి వినిపించాలన్న నియమం పెడితే, కొత్త ఉద్యోగం ఒక్కటీ సృష్టించకుండానే ఆ వ్యవస్థ స్వభావం మారుతుంది. తెలంగాణ 2019 పురపాలక చట్టంలో వార్డు కమిటీలు ఉన్నాయి; వాటికి ఇలాంటి లెక్కలు అడిగే పని అప్పగిస్తే అవి కాగితం దాటి బయటికొస్తాయి.

వీటన్నిటికన్నా ముందు జరగాల్సింది వార్డుల విభజన అధికారాన్ని ప్రభుత్వం నుంచి తప్పించడం. కేరళలో ఈ పని రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన ఉండే పునర్విభజన కమిషన్ చేస్తుంది. మన రెండు రాష్ట్రాలూ అదే దారిలో, గడువుకు ఏడాది ముందే వార్డులు ఖరారు కావాలని, ఆ తర్వాత వచ్చే విలీనాలు తదుపరి ఎన్నికల నుంచే వర్తించాలని చట్టంలో రాసుకోవచ్చు. దీనికి ఇప్పుడే పూనుకోవడానికి ఒక కారణం ఉంది. 2027 జనగణన లెక్కలు వెలువడగానే ప్రతి పట్టణంలోనూ వార్డులను జనాభా ప్రకారం మళ్లీ గీయాల్సి వస్తుంది, అంటే ఎన్నికలు ఆపడానికి రాజ్యాంగబద్ధంగా కనిపించే కారణం అన్ని పట్టణాలకూ ఒకేసారి దొరుకుతుంది. ఆ లెక్కలు రాకముందే చట్టం మారాలి.