టెంటు ముందు పొయ్యి ఉండగా ముందే డబ్బు కట్టే భోజనం ఎందుకు?

మా అక్కయ్య కొడుకు అట్లాంటాలో ఉంటాడు. గుంటూరు నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకుని, భార్యాపిల్లలతో కలిపి ఆరుగురూ ఫ్లోరిడా వెళ్లి డిస్నీ వరల్డ్ చూడాలని ప్లాన్ వేశాడు. హోటల్ గది వద్దనుకుని డిస్నీ వరల్డ్ వాళ్లదే అయిన ఫోర్ట్ విల్డర్‌నెస్ అనే క్యాంపులో నాలుగు రాత్రులకు క్యాంప్‌సైట్, అంటే టెంటు వేసుకునే జాగా, తీసుకుంటున్నాడు. బుకింగ్ చివర్లో ఆగి విజయవాడకు ఫోన్ చేశాడు. "మావయ్యా, డైనింగ్ ప్లాన్ కూడా కట్టేయమంటావా? అమ్మకీ నాన్నకీ తిండి టెన్షన్ ఉండదు కదా."

వద్దన్నాను. వాడికి రెండు ముక్కల్లో చెప్పిన కారణాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఏటా వేసవికి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే కుటుంబాలు మన రెండు ఊళ్లలో వీధికి నాలుగు ఉంటాయి. పైగా ఇది ఫ్లోరిడాతో ఆగే విషయం కూడా కాదు.

డైనింగ్ ప్లాన్ అంటే డిస్నీ వరల్డ్‌లో బస చేసేవాళ్లు భోజనాలకు ముందే డబ్బు కట్టేసే పథకం, దాని సంగతి క్లుప్తంగా చెబుతాను. 2005లో మొదలైంది, 2020లో కరోనాతో ఆగింది, 2024 జనవరి 9న తిరిగి వచ్చింది. ఎన్ని రాత్రులు ఉంటే అన్ని రోజుల భోజనాల లెక్కన ముందే డబ్బు కడతాం. చిన్న ప్లాన్‌లో బస చేసే ఒక్కో రాత్రి లెక్కన మనిషికి రెండు కౌంటర్ భోజనాలు (కౌంటర్ దగ్గర మనమే తెచ్చుకుని తినేవి), ఒక చిరుతిండి. పెద్ద ప్లాన్‌లో ఒక కౌంటర్ భోజనం, కూర్చోబెట్టి వడ్డించే భోజనం ఒకటి, ఒక చిరుతిండి. తిరిగి వచ్చినప్పుడు పెద్దవాళ్లకు రాత్రికి చిన్న ప్లాన్ 57.01 డాలర్లు, పెద్ద ప్లాన్ 94.28 డాలర్లు. 3 నుంచి 9 ఏళ్ల పిల్లలకు 23.83, 29.69. ఆ తర్వాత పెద్దవాళ్ల ధర పెరిగిందే గానీ తగ్గలేదు.

ఇప్పుడు మావాడి కుటుంబం లెక్క చూద్దాం. నలుగురు పెద్దవాళ్లు, పదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి. పదేళ్లు నిండితే ప్లాన్ దృష్టిలో పెద్దవాళ్ల లెక్కే. రెండు ఇడ్లీలు తిని పళ్లెం పక్కకు నెట్టే ఆ పిల్లకు, వాళ్ల నాన్నకు కట్టినంతే కట్టాలి. 2024 ధరలతోనే పెద్ద ప్లాన్ రాత్రికి 501 డాలర్లు, నాలుగు రాత్రులకు 2004 డాలర్లు. మన డబ్బుల్లో లక్షా అరవై వేలు దాటుతుంది. అది కూడా టిప్పులు కాకుండా.

"2026లో చిన్నపిల్లలకు ఉచితం అంటున్నారుగా" అని మావాడు గుర్తు చేశాడు. నిజమే, పెద్దవాళ్లు ప్లాన్ కొంటే 3 నుంచి 9 ఏళ్ల పిల్లలకు ఉచితం అని ప్రకటించారు. అయితే ఆ రెండు వేల డాలర్లలో ఆరేళ్ల పిల్లవాడి వాటా ఎంత? నాలుగు రాత్రులకూ కలిపి 119 డాలర్లు. మిగతా 1885 డాలర్లు మిగిలిన అయిదుగురివి. పిల్లవాడి పళ్లెం ఉచితం అని చూపించి ఇంటిల్లిపాదికీ ప్లాన్ అమ్ముతున్నారన్నమాట.

ఇది డబ్బు లెక్క. నన్ను అంతకంటే కదిలించేది క్యాంప్‌సైట్ అనే మాటకున్న అర్థం.

ఫోర్ట్ విల్డర్‌నెస్ 1971 నవంబర్‌లో తెరిచిన చోటు. పైన్, సైప్రెస్ చెట్ల మధ్య వందల ఎకరాలు. ప్రతి సైట్‌కూ నీళ్ల కుళాయి, కరెంటు కనెక్షన్, కూర్చుని తినడానికి బల్ల, బొగ్గుల మీద కాల్చుకునే గ్రిల్ ఉంటాయి. ఒక సైట్‌లో పదిమంది దాకా ఉండొచ్చు. లోపలే రెండు దుకాణాల్లో సరుకులు దొరుకుతాయి. కరెంటు ఉందంటే రైస్ కుక్కర్ ఉన్నట్టే. అట్లాంటా నుంచి కారులో ఆరేడు గంటల ప్రయాణం. డిక్కీలో కుక్కర్, బియ్యం, కందిపొడి, ఆవకాయ జాడీ, పెరుగు పెట్టిన ఐస్‌బాక్స్ పెట్టుకుని వెళ్లే మనుషులకు ఇంకేం కావాలి? గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవచ్చు, మసాలా పట్టించిన చికెన్ కాల్చుకోవచ్చు. వంట చేసుకునే వీలు కోసమే కదా క్యాంప్‌సైట్ తీసుకునేది! ఆ వీలుకు అద్దె కట్టి, మళ్లీ వండుకోకుండా ఉండటానికి ఇంకో రెండు వేల డాలర్లు కట్టడం ఏం లెక్క?

ప్లాన్ నియమాలు ఈ వైరుధ్యాన్ని ఇంకా పెంచుతాయి. సైట్‌లో ఒకరికి కొంటే, మూడేళ్లు దాటిన అందరికీ కొనాల్సిందే. మా బావగారు రాత్రిపూట రెండు పుల్కాలు, గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకునే మనిషి. ఆయనకు కొనకుండా మిగతావాళ్లకు కొనడం కుదరదు. భోజనంతో పాటు ఇచ్చే డ్రింక్ 21 ఏళ్లు దాటినవాళ్లకు బీరో, వైనో, కాక్‌టెయిలో కావచ్చు. ప్లాన్ గిట్టుబాటు అయిందని చెప్పేవాళ్ల లెక్కల్లో ఎక్కువగా ఆ గ్లాసు ధర కలిసి ఉంటుంది. మందు ముట్టని అక్కయ్య ఆ స్థానంలో సోడా తాగితే ఆ లెక్క అక్కడే కూలిపోతుంది. చెకవుట్ రోజు అర్ధరాత్రి దాటితే మిగిలిన భోజనాలు పోయినట్టే. డబ్బు వెనక్కి రాదు.

అన్నిటికంటే నాకు కష్టంగా తోచింది ఇంకొకటుంది. ప్లాన్ కొన్నంత మాత్రాన బల్ల దొరుకుతుందని లేదు. కూర్చుని తినే రెస్టారెంట్లకు 60 రోజుల ముందు నుంచే రిజర్వేషన్లు మొదలవుతాయి, పేరున్నవి త్వరగా నిండిపోతాయి. అంటే జూన్‌లో ఫలానా మంగళవారం రాత్రి ఏడింటికి మనకు ఆకలి వేస్తుందని ఏప్రిల్‌లోనే నిర్ణయించుకోవాలి. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉక్కపోత, ఆ వెంటనే ఉరుములతో వాన. పిల్లలు తడిసి, అలసి, బస్సులోనే నిద్రపోతారు. క్యాంపుకు వచ్చాక సైట్ దాకా వెళ్లడానికి లోపలి బస్సు ఇంకొకటి ఎక్కాలి. నిద్రపోయిన పిల్లవాణ్ణి భుజాన వేసుకున్న తల్లికి ఆ పూట కావలసింది ఒక్కటే, టెంటు. కానీ రిజర్వేషన్ ఉంది, డబ్బు కట్టి ఉంది. దాంతో పిల్లవాణ్ణి లేపుతారు.

డబ్బు ముందే కట్టినప్పుడు మనిషి తన ఒంటి మాట వినడం మానేసి రసీదు మాట వింటాడు. పొట్ట చాలంటున్నా తింటాడు, తినలేకపోతే నష్టపోయానని బాధపడతాడు. సెలవుల్లో ఇంతకంటే టెన్షన్ ఏముంటుంది?

ఫోర్ట్ విల్డర్‌నెస్‌లోనే పయనీర్ హాల్ అనే చోట 1974 నుంచి నడుస్తున్న విందు, వినోదం షో ఉంది. ఫ్రైడ్ చికెన్, రిబ్స్ వడ్డిస్తూ పాటలు, హాస్యం. క్యాంపులో ఉండేవాళ్లకు నడిచి వెళ్లేంత దగ్గర, చూడదగ్గదే. కానీ ప్లాన్‌లో దానికి మనిషికి రెండు భోజనాలు కోస్తారు. నాలుగు రాత్రులకు మనిషికి వచ్చే నాలుగు పెద్ద భోజనాల్లో సగం ఒక్క సాయంత్రానికే పోతుంది. ఆ ఒక్క పూటకు టికెట్ విడిగా కొనుక్కుని, మిగతా పూటలు టెంటు ముందు గడపడం నయం.

అవతలి వాదన ఒకటి బలమైనదే ఉంది, దాన్ని తోసిపుచ్చను. మన తల్లిదండ్రులు అమెరికా మెనూ చూసి ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చుకుంటారు. పద్దెనిమిది డాలర్ల శాండ్‌విచ్ అనగానే "నాకు ఆకలిగా లేదులే నాన్నా" అంటారు. ముందే కట్టేస్తే ఆ లెక్కలు మాని కడుపునిండా తింటారని పిల్లల ఆశ. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ దానికి ప్లానే అక్కర్లేదు. అదే డబ్బులో సగం డిస్నీ గిఫ్ట్ కార్డులో వేసి అమ్మ చేతికిస్తే చాలు. ఆ కార్డుకు గడువు లేదు. మిగిలితే వచ్చే ఏడాదైనా పనికొస్తుంది. పార్కుల్లోకి గాజు సీసాలు, మందు తప్ప మన తిండి మనం తీసుకెళ్లనిస్తారు కూడా. పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది.

ముందే డబ్బు కట్టడం అనే పద్ధతి మీద నాకు కోపం లేదు. నేను గుంటూరులో చదువుకునే రోజుల్లో మెస్ టికెట్ల పుస్తకం కొనుక్కునేవాణ్ణి. వెళ్లిన పూట ఒక టికెట్ చింపేవారు. పండక్కి ఊరెళ్తే ఆ టికెట్లు పుస్తకంలోనే ఉండేవి, తిరిగొచ్చాక వాడుకునేవాణ్ణి. చుట్టం వస్తే ఒకటి చింపి ఇచ్చేవాణ్ణి. గదిలో నలుగురం ఉంటే ఇద్దరమే పుస్తకం కొనేవాళ్లం, మిగతా ఇద్దరూ వండుకునేవాళ్లు. అందరూ కొంటేనే మీకు అన్నం పెడతానని మెస్ ఆయన ఏనాడూ అనలేదు. ఆయనకు ముందు డబ్బు వచ్చేది, మాకు ధర కాస్త తగ్గేది. తినని అన్నం మీద ఆయన లాభం లెక్క వేసుకోలేదు. ఇప్పుడు వ్యాపారాల్లో ఆ లెక్కకు ఒక పేరే ఉంది, బ్రేకేజ్. కస్టమర్ డబ్బు కట్టి వాడుకోకుండా వదిలేసిన భాగాన్ని కంపెనీలు ఆదాయంగా రాసుకుంటాయి. మన మరపు, మన అలసట, మన పిల్లల నిద్ర వాళ్ల ఖాతా పుస్తకంలో ఒక పద్దు అవుతున్నాయి.

ఆ పద్ధతి మన దగ్గరికీ వచ్చేసింది. గండికోట, లంబసింగి, వంజంగి, మన సముద్ర తీరం, ఎక్కడ చూసినా టెంట్ల క్యాంపులు వెలుస్తున్నాయి. మన రాష్ట్ర ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో పర్యాటక రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చారు కాబట్టి ఇంకా వస్తాయి. రావాలి కూడా. కానీ చాలాచోట్ల టెంటు ఒక్కటే అద్దెకు ఇవ్వరు. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి మనిషికింత అంటారు. రెండేళ్ల కిందట తీరంలో అలాంటి ఒక క్యాంపుకు ఎనిమిది మందిమి వెళ్లాం. మాలో ఇద్దరు పెద్దవాళ్లు ఆ రోజు ఉపవాసం. ఒక చంటిపిల్లకు ఇంటి నుంచి ఉగ్గు తెచ్చుకున్నాం. అయినా పిల్లను వదిలేసి ఏడు భోజనాలకు కట్టించుకున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు చల్లారిన అన్నం, నీళ్ల చారు, గట్టిపడిన చపాతీలు వచ్చాయి. అర కిలోమీటరు దూరంలో బెస్తవాళ్ల ఇళ్ల దగ్గర అప్పుడే పట్టిన చేప వేయించి ఇస్తున్నారు. అక్కడ కొనుక్కుందామంటే బయటి తిండి లోపలికి రానివ్వమన్నారు. మా డబ్బుతో నాలుగు బెస్త కుటుంబాలకు ఆ పూట వ్యాపారం జరిగేది. అది జరగలేదు, మాకు తినదగ్గ అన్నమూ దొరకలేదు.

ఈ విషయంలో విజయవాడకు పోరాటం కొత్త కాదు. మల్టీప్లెక్సుల్లో తినుబండారాల ధరల మీద, బయటి తిండి ఆపడం మీద 2018లో ఇక్కడి వినియోగదారుల ఫోరం జరిమానాలు వేసింది. ఆ తర్వాత 2023 జనవరిలో సుప్రీంకోర్టు, బయటి తిండిని ఆపే హక్కు థియేటర్ యజమానికి ఉందని చెప్పింది. అయితే మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల తిండిని అడ్డుకోకూడదని కూడా చెప్పింది. సినిమా మూడు గంటలు, ఆ తీర్పుతో సర్దుకోవచ్చు. రాత్రంతా ఉండే టెంటు సంగతి వేరు. అక్కడ మనిషి అన్నం తినకుండా ఉండలేడు.

చట్టంలో ఆధారమూ ఉంది. హోటల్ బిల్లుకు సర్వీస్ ఛార్జీని తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆన్‌లైన్ అమ్మకాల్లోని మోసపు ఎత్తుల మీద అదే సంస్థ 2023 నవంబర్‌లో 13 రకాలు గుర్తించింది. వాటిలో ఒకటి ఫోర్స్‌డ్ యాక్షన్. మనం కొనాలనుకున్నది కొనాలంటే అక్కర్లేని ఇంకో వస్తువు కూడా కొనక తప్పని పరిస్థితి కల్పించడం అది. టెంటు అడిగితే టెంటూ భోజనమూ కలిపి కొనమనడాన్ని ఇందులోకి ఎందుకు తీసుకోకూడదు? మన పర్యాటక శాఖ ఈ ప్రశ్న వేసుకుని, అనుమతి ఇచ్చే ప్రతి క్యాంపుకూ బస ధర వేరు, భోజనం ధర వేరు చూపాలనే షరతు పెట్టాలి. వంట చేసుకునేవాళ్లకు ఒక మూల పొయ్యి, నీళ్లు ఇవ్వాలి.

ఇది చేయలేని పనేం కాదు. విజయవాడ నుంచి చెన్నైకి వందే భారత్ టికెట్ తీసుకునేటప్పుడు భోజనం వద్దు అని ఎంచుకుంటే ఆ మేరకు ధర తగ్గుతుంది. రోజూ వేలమందికి తిండి పెట్టే రైల్వే ఆ వెసులుబాటు ఇస్తుంటే, ఇరవై టెంట్లు వేసినవాడు ఎందుకివ్వలేడు?

మావాడు ప్లాన్ లేకుండానే బుక్ చేశాడు. షోకు మాత్రం ఆరు టికెట్లు విడిగా తీసుకున్నాడు. నిన్న అక్కయ్య గుంటూరు నుంచి ఫోన్ చేసి, విమానంలో మాంసం పచ్చడి తీసుకెళ్లనివ్వరట కదా, గోంగూర, కందిపొడి చాలా, కారప్పొడి కూడా కట్టమంటావా అని అడిగింది. కట్టమన్నాను.