సవరణ: బిగ్ సర్ మారథాన్ దారి చదును కాదు

కాలిఫోర్నియాలో ఏటా ఏప్రిల్‌లో జరిగే బిగ్ సర్ మారథాన్ గురించి మొన్న రాస్తూ, సముద్రం వెంట దారే కదా, మన కోనసీమ కాలవగట్టులా చదునుగా ఉంటుందన్నాను. అది తప్పు.

నిర్వాహకుల రూట్ మ్యాప్ చూస్తే బిగ్ సర్ నుంచి కార్మెల్ దాకా ఉండే మామూలు దారిలో 16వ కిలోమీటరు దాటాక హరికేన్ పాయింట్‌కు మూడు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు ఉంది. దాదాపు 160 మీటర్ల ఎత్తు, పైగా ఎదురుగాలి! దిగాక, మొత్తం పరుగులో సగం దూరం దగ్గర బిక్స్‌బీ వంతెన. అక్కడ పరుగెత్తేవాళ్ల కోసం గ్రాండ్ పియానో మాత్రం నిజంగానే వాయిస్తారు. తర్వాత కార్మెల్ దగ్గర్లో మళ్లీ మిట్టలే.

చించినాడ వంతెన తప్ప ఎత్తు ఎరగని మన కాళ్లకు ముందు మారేడుమిల్లి ఘాట్‌లో ప్రాక్టీస్ కావాలి.