వాగ్దాన కార్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వాగ్దాన కార్డు గారికి,

వందనాలండి. మీరు క్షేమమేనని తెలుసు. లామినేషన్ చేయించుకున్న వారికి తుఫానొచ్చినా తడి తగలదు కదా.

డిసెంబర్ 31 రాత్రి మా గోదావరి డెల్టాలో మీ దర్జా చూసి తీరాలండి. పన్నెండు కొట్టగానే చర్చిలో సంఘమంతా వరస కడుతుంది. కొత్త ఏడాదికి దేవుడి వాగ్దానమంటూ ఒంటిమీద తలా ఒక బైబిల్ వచనం అచ్చేయించుకుని, స్టీలు పళ్లెంలో మీరు బోర్లా పడుకుని ఉంటారు. మేం కళ్లు మూసుకుని ఒకటి తీస్తాం, కళ్లు తెరవగానే పక్కవాళ్ల చేతిలోకి చూస్తాం. "మీకేం వచ్చిందండి?" "తలగా నియమించును గాని తోకగా నియమింపడని వచ్చిందండి!" "మాకు శ్రమలో ఓర్పు వచ్చిందండి..." ఓర్పు వచ్చిన వాళ్ల మొహం చూడాలి. వెంటనే చంటివాడి చెయ్యి పట్టుకుని పళ్లెంలో పెట్టి ఇంకోటి తీయిస్తారు. తెల్లారేసరికి అది స్టేటస్‌లో ఉంటుంది. మొదటిది ఏ బైబిల్లో పేజీ గుర్తుగా మిగిలిపోయిందో ఎవరూ అడగరు.

అసలు మీ పుట్టుకకు కారకుడు రాబర్ట్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు. 1551లో కొత్త నిబంధనకు వచన సంఖ్యలు వేసి అచ్చేశాడు, వెతుక్కోవడం సులువవుతుందని. కత్తిరించుకోవడం కూడా సులువవుతుందని పాపం ఆయనకు తట్టి ఉండదు.

ఆ తల, తోక సంగతే చూడండి. అది ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం. మోషే మోయాబు దేశంలో ఒక జనాంగం మొత్తాన్ని నిలబెట్టి చెప్పిన నిబంధన. మాట వింటే ఇలా, వినకపోతే అలా. దీవెనలకు 14 వచనాలు, శాపాలకు 54. మీరు మాత్రం ఆ 54లో ఒక్కదాన్నీ ఇంతవరకు ఒంటిమీద వేసుకోలేదు. "విస్తారమైన విత్తనములు" పొలానికి తీసుకెళ్లి కొంచెమే ఇంటికి తెచ్చుకుంటావన్న 38వ వచనం మా డెల్టా రైతుకు కొత్తేమీ కాదు గానీ, కేకు ముక్కతో పాటు అది ఇస్తే బాగోదనుకున్నారేమో. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున, ఏరియేటర్ల స్విచ్చు బోర్డు పైన మీరు వేలాడుతుంటారు. "అనేక జనములకు అప్పిచ్చెదవు గాని అప్పుచేయవు." సరిగ్గా మీ కిందే మేకుకు మేత డీలరు బాకీ పుస్తకం. రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు పోతే ఆ రైతు మిమ్మల్ని ఒక్క మాటనడు. దేవుడే మాట తప్పాడనుకుంటాడు. మీరు మాత్రం అక్కడే నవ్వుతూ ఉంటారు, గులాబీ పువ్వుల బోర్డరుతో.

మీ బంధువర్గం తక్కువదేం కాదు. పెళ్లి శుభలేఖల మీద "నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను" అని అచ్చేసి, కింద వధూవరుల పేర్లు వేస్తారు. బైబిల్లో రూతు అనే ఆవిడ ఆ మాటన్నది మొగుడితో కాదండి, అత్తగారితో! మొగుడు అప్పటికే పోయాడు. ఈ సంగతి చదివి శుభలేఖ వేయించే కోడలుంటే కాళ్లకు దండం పెట్టాలి. శుక్రవారం ప్రేయర్‌కి ముగ్గురే వస్తే "ఇద్దరు ముగ్గురు నా నామమున" అంటూ మీ తమ్ముడొకడు సర్దిచెబుతాడు. మత్తయి 18లో దానికి కాస్త పైన ఉన్నది, తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడమని, వినకపోతే సాక్షులను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లమని. మురుగు కాలవ తగాదాతో నాలుగేళ్లుగా మాట్లాడుకోని ఇద్దరు ఒకే బల్ల మీద కూర్చునే సంఘాలకు ఆ కార్డు ఎందుకు పంచరో మరి. బైబిల్లో యబ్బేజు అనే ఆయన చేసిన ప్రార్థన, "నా సరిహద్దును విశాలపరచి" అన్నది, చేలో గట్టు చెక్కేవాడి ఇంట్లో కూడా ఫ్రేము కట్టి ఉంటుంది. "పొరుగువాని సరిహద్దు రాయి" తీసేవాడు శాపగ్రస్తుడన్న మాట అదే బైబిల్లో ఉన్నా దానికి ఫ్రేము దొరకదు.

ఇక మీలో మకుటం లేని మహారాజు యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." రాజోలు వైపు ఒకింట్లో చూశాను, అద్దం ఫ్రేములో గుచ్చి ఉంది. ఆ ఇంటి కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. రెండేళ్ల అగ్రిమెంటన్నాడు ఏజెంటు. రెండేళ్లు దాటి చాలా కాలమైంది. ఆవిడ తల్లి, పెద్దావిడ, మీ ముందు దండం పెట్టి ఊరుకోలేదండి. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదువుకుంటూ, ముందు అధ్యాయం నుంచి వచ్చింది. యూదులను పట్టుకుపోయిన బబులోను చెర రెండేళ్లలో అయిపోతుందని హనన్యా ప్రవక్త చెప్పడం, జనం ఆశపడటం, అది అబద్ధమని యిర్మీయా తేల్చడం. డెబ్బై ఏళ్లు పడుతుందని, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండని ఉత్తరం రాయడం. మీరు ఆ ఉత్తరంలో ఒక్క వాక్యం.

"ఆళ్లక్కూడా ఎవడో రెండేళ్లే అన్నాడంట్రా అబ్బాయ్," అంది నాతో. చీదరించుకోలేదు, ఏడవలేదు. ఇప్పుడు రాత్రి ప్రార్థనలో కూతురి పేరుతో పాటు ఆ కువైటీ ఇంట్లో పిల్లల పేర్లు కూడా చెబుతోంది. నోరు తిరగదు, అయినా చెబుతుంది.

ధవళేశ్వరం దగ్గర వదిలితేనే మా శివారు చేలకు నీళ్లు. 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టాలో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన విషయమిది. మీ 11వ వచనానికి నీళ్లొచ్చేది 10వ వచనంలోంచి. డెబ్బై ఏళ్లు అన్నది అక్కడే ఉంది. మీరేమో కాలవ పూడ్చేసి కుళాయి బొమ్మ చూపిస్తున్నారు.

ఒంటరి వచనం పట్టుకొచ్చే పద్ధతి కొత్తదీ కాదండోయ్. యేసును శోధించడానికొచ్చిన సాతాను 91వ కీర్తన ముక్క ఒకటి తెచ్చి, దేవాలయ శిఖరం మీదనుంచి దూకమన్నాడు. చక్కగా అప్పజెప్పాడు కూడా. యేసు ఆ కీర్తన తప్పని అనలేదు. "మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు, అంతే. ఆ మరో చోటికి వెళ్లే ఓపిక మాకు లేదని కనిపెట్టి మీరు బతికేస్తున్నారు.

మిమ్మల్ని మానేయమని అనడం లేదు. మీ వల్ల అచ్చాఫీసు వాళ్లకు డిసెంబర్ గడుస్తోంది, ఏడాదికొక్క వచనమైనా కొందరి నోట పడుతోంది. ఒక్క మనవి. మీ ముందువైపు సగం పాస్టరు గారి దంపతుల ఫోటో, వెనకవైపు ఆరాధన వేళలు, ఫోను నంబర్లు. ఫోటో ఓ అంగుళం తగ్గించి, అక్కడ "అధ్యాయం మొత్తం చదవండి" అని వేయించండి. అయ్యగారు ఒప్పుకోకపోతే అమ్మగారి చేత చెప్పించండి.

ఇట్లు,
ప్రతి ఏటా ఓర్పు కార్డే వచ్చే
వెనక బల్ల విశ్వాసి,
నరసాపురం కాలవగట్టు