వెడ్జ్‌కి లై యాంగిల్ చూడక్కర్లేదట!

ఇప్పుడే గోల్ఫ్ షాపు నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. వంట సంగతి తర్వాత, ముందు ఇది రాయాలి.

56 డిగ్రీల వెడ్జ్ కొనడానికి వెళ్లాను. దగ్గర నుంచి బంతిని ఎత్తుగా లేపి జెండా పక్కన దింపే క్లబ్ అది. 56 అంటే దాని ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, వెనక్కి వాలిన కోణం. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. షాపతను తీసి చేతిలో పెట్టింది మగవాళ్ల స్టాక్ వెడ్జ్. పొడవు 35 అంగుళాల పైచిలుకు, లై కోణం (అదేంటో కింద చెప్తాను) 64 డిగ్రీలు, బరువైన స్టీల్ షాఫ్ట్, అంటే కడ్డీ. "నాకిది పొడవెక్కువ బాబూ" అన్నాను. లోపలికి తీసుకెళ్లి గ్రిప్ వైపు, అంటే పట్టుకునే పిడి వైపు నుంచి అంగుళం కోసేసి, కొత్త గ్రిప్ ఎక్కించి తెచ్చాడు. "మరి లై?" అన్నాను. "వెడ్జ్‌కి లై చూడక్కర్లేదు మేడమ్, అది ఐరన్స్‌కి. వెడ్జ్ అంతా ఫీలే. కొన్నాళ్లు ప్రాక్టీస్ చేయండి, చెయ్యి అలవాటవుతుంది" అన్నాడు.

చెయ్యి అలవాటవుతుంది! ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. నా చెయ్యెందుకండీ అలవాటు పడాలి? డబ్బు పెట్టేది నేను. కోణం తప్పుగా ఉన్న ఇనప ముక్కకి నా ఒళ్లు వంచుకోవాలా?

గోల్ఫ్ ఆడనివాళ్లకి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. క్లబ్ అడుగు నేల మీద సమంగా ఆనినప్పుడు షాఫ్ట్‌కీ నేలకీ మధ్య ఉండే కోణం లై. నాలాంటి పొట్టివాళ్లు నిలబడితే చేతులు కిందికి ఉంటాయి, షాఫ్ట్ వాలుతుంది, క్లబ్ ముందుకొస గాల్లోకి లేస్తుంది. దాన్నే టో అంటాం. మడమ వైపు నేలలో గుచ్చుకుంటుంది. అప్పుడు, కుడిచేతి వాటం వాళ్లకి, ఫేస్ ఎడమకి చూస్తుంది. జెండా వైపు ఎంత సూటిగా నిలబడ్డా, ఎంత శుభ్రంగా కొట్టినా బంతి ఎడమకే పోతుంది.

పైగా ఈ తేడా అన్ని క్లబ్బులకీ ఒకేలా ఉండదు. ఫేస్ ఎంత వెనక్కి వాలి ఉంటే అంత ఎక్కువ శిక్ష. లై 2 డిగ్రీలు తప్పిందనుకోండి. దూరం కొట్టడానికి వాడే 10 డిగ్రీల డ్రైవర్‌లో బంతి దిక్కు అర డిగ్రీ కూడా మారదు, 200 గజాల దూరాన గజం చిల్లర. అదే 2 డిగ్రీలు 56 వెడ్జ్‌లో తప్పితే దిక్కు దాదాపు 3 డిగ్రీలు మారుతుంది. 80 గజాల నుంచి కొడితే 4 గజాలు ఎడమకి. 4 గజాలంటే 12 అడుగులు! అది పార్‌కీ, దాని కన్నా ఒక షాట్ ఎక్కువైన బోగీకీ మధ్య దూరం. బ్యాగ్‌లో లై అత్యవసరంగా చూడాల్సిన క్లబ్ ఏదయ్యా అంటే వెడ్జే. ఆ వెడ్జ్‌కే చూడక్కర్లేదట! ఇసుక బంకర్‌లో ఫేస్‌ని కుడికి తిప్పి, అంటే బాగా తెరిచి కొట్టేటప్పుడు ఈ లెక్క మారుతుంది, ఒప్పుకుంటాను. కానీ 80 గజాల నుంచి ఫుల్ షాట్ కొట్టేటప్పుడు ఫేస్ తెరుస్తామా?

ఇంకో ఘోరం, ఆ కోత. పొడవు మారితే లై మారినట్టే. అర అంగుళం తగ్గిస్తే క్లబ్ సుమారు ఒక డిగ్రీ ఫ్లాట్‌గా, అంటే షాఫ్ట్ నేల వైపు మరింత వాలినట్టు ఆడుతుంది, అంగుళం కోస్తే సుమారు రెండు. స్వింగ్ వెయిట్, అంటే ఊపేటప్పుడు చేతికి తెలిసే క్లబ్ తల బరువు, ఆరు పాయింట్ల దాకా పడిపోతుంది, ఆ తల ఎక్కడుందో చేతికి తెలియదు. తలలో బరువు కలపాలి, లై మళ్లీ చూడాలి. ఇప్పుడు నా చేతిలో ఉన్నది సరిపోయిందో, ఇంకా వంచాలో, ఎక్కువే ఫ్లాట్ అయిందో కొట్టించి చూడకుండా ఎవరికి తెలుస్తుంది? జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే మా వీధి టైలర్ భుజం, చంక, మెడ అన్నీ టేపు పెట్టి కొలిచి రాసుకుంటాడు. దానికి పదింతలు తీసుకునే షాపుకి టేపు లేదు!

కొలవడం బ్రహ్మవిద్యేం కాదు. సోల్‌కి, అంటే క్లబ్ అడుక్కి, తగిలిన చోట గుర్తు పడే ఇంపాక్ట్ టేపు అంటించి లై బోర్డు అనే గట్టి పలక మీద నాలుగు కొట్టిస్తే గుర్తు మధ్యలో పడిందో, మడమ వైపు పడిందో కళ్లకి కనిపిస్తుంది. బోర్డు లేకపోతే బంతి మీద మార్కర్‌తో గీత గీసి, అది నిలువుగా, ఫేస్‌కి ఎదురుగా ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద అచ్చు పడుతుంది. నిలువుగా పడితే సరే. పైకొస టో వైపు ఒరిగితే క్లబ్ మీకు మరీ నిటారు, మడమ వైపు ఒరిగితే మరీ ఫ్లాట్. ఫోర్జ్‌డ్ కార్బన్ స్టీల్ తల మెత్తగా ఉంటుంది, బెండింగ్ మెషీన్‌లో బిగించి మెడ దగ్గర రెండు డిగ్రీలు వంచడం నిమిషాల పని. క్లబ్బులు చేసే పింగ్ కంపెనీ ఏనాడో లైకి రంగు చుక్కలు పెట్టేసింది. నలుపు స్టాండర్డ్, ఎరుపు ఫ్లాట్ వైపు, నీలం నిటారు వైపు. మనుషుల కొలతలు వేరువేరుగా ఉంటాయని ఒప్పుకున్నారు కాబట్టే కదా ఆ చుక్కలు!

అసలు మంట ఎక్కడుందో చెప్తాను. ఇదే షాపులో మా ఆయన డ్రైవర్ కొన్నప్పుడు, బంతి వేగం, దారి కొలిచే లాంచ్ మానిటర్ ముందు గంటసేపు నిలబెట్టారు. షాఫ్ట్‌లు మార్చి మార్చి ఇచ్చారు, మధ్యలో టీ కూడా తెప్పించారు. లై వల్ల పెద్దగా ఏమీ కాని క్లబ్‌కి గంట. నా వెడ్జ్‌కి ఒక రంపం. ఏళ్లుగా నా బంతి ఎడమకి పోతుంటే కోచ్ "తల ఎత్తుతున్నారు మేడమ్" అన్నాడు. తర్వాత నడుము తిరగట్లేదన్నాడు. ఆ తర్వాత భయమన్నాడు! ఒక్కరోజు కూడా క్లబ్ తిప్పి దాని అడుగు చూడలేదు. మొన్న నేనే గీత గీసి కొట్టాను, పైకొస టో వైపు వాలిపోయింది. తల ఎత్తడం కాదు, భయం కాదు. అప్పుడు పోయిన నా ధైర్యాన్ని ఎవరు తిరిగిస్తారు?

ఈ ఆటలో ఆడవాళ్లంటే ఎప్పుడూ ఇంతే, మగవాళ్ల దాంట్లో అంగుళం కోసి ఇచ్చేది. అమెరికాలోని అగస్టా నేషనల్ క్లబ్‌లో మొదటిసారి ఆడవాళ్లకి సభ్యత్వం దొరికింది 2012లో! స్కాట్లాండ్‌లో, సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ ఒప్పుకున్నది 2014లో. ఆ దేశంలోదే మ్యూర్‌ఫీల్డ్ క్లబ్, 2017 దాకా లాగింది. అదంతా అక్కడి సంగతి అనుకోకండి. మా దగ్గర లేడీస్ డే వారం మధ్యలో పొద్దున పెడతారు. ఉద్యోగం చేసేవాళ్లు ఎలా వస్తారని ఎన్నిసార్లు అడిగినా కమిటీ నుంచి జవాబు లేదు. ఆదివారం టీ టైమ్‌లన్నీ, అంటే ఆట మొదలుపెట్టే వేళలన్నీ, ఎవరివో మీకు తెలుసు. "లేడీస్ సెట్" పేరుతో అమ్మేవాటిలో సాండ్ వెడ్జ్ ఒకటి పడేస్తారు, అంతకు మించి కావాలంటే మగవాళ్ల అరలో వెతుక్కోవాలి.

టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితీ అశోక్ ఒక్క షాట్ తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పొద్దున గోల్ఫ్ అంటే ఏంటో తెలియని మా అత్తగారు కూడా టీవీ ముందు కూర్చున్నారు. టీ నుంచి, అంటే మొదటి షాట్‌లో, ఆ అమ్మాయి కొట్టే దూరం మిగతావాళ్ల కన్నా బాగా తక్కువ. అయినా వెడ్జ్‌తో, బంతిని గుంటలోకి దొర్లించే పట్టర్‌తో నిలబడింది. దూరం తక్కువ కొట్టే మనలాంటివాళ్లకి ఆటంతా అక్కడే ఉంది. ఆ క్లబ్బే మనకి కొలవరు!

నా సంగతి వదిలేయండి, ఎక్కడో చోట నా వెడ్జ్‌ని సరిగ్గా వంచి పెట్టించుకుంటాను. కడుపు తరుక్కుపోయేది ప్రాక్టీస్ రేంజ్‌లో చిన్నపిల్లల్ని చూస్తే. నాన్న పాత వెడ్జ్ కోసి చేతికిచ్చేస్తారు. షాఫ్ట్ గట్టి, తల బరువు, లై ఎంతో ఎవరికీ తెలియదు. పదకొండేళ్ల పిల్ల బంతి ఎడమకి పోకుండా ఒళ్లంతా కుడికి మెలితిప్పి కొడుతోంది, పక్కనుంచి "తల దించు, తల దించు" అని అరుస్తున్నారు. ఆ మెలిక ఒంటికి పట్టేశాక దాన్ని వదిలించడానికి మళ్లీ ఏళ్లు పడుతుంది.

క్లబ్ కమిటీల్లో ఉన్నవాళ్లు నా ఫ్రెండ్స్ లిస్ట్‌లో ఉన్నారు, చదువుతారని తెలుసు. లాంచ్ మానిటర్‌కి నిధులు దొరికినప్పుడు లై బోర్డుకీ బెండింగ్ మెషీన్‌కీ దొరక్కపోవు. ఈ వేసవి క్యాంప్ మొదలయ్యేలోపు కొనండి. మొదటిరోజే జూనియర్లందరి వెడ్జ్‌లూ కొలిపించండి, ఆడపిల్లలవి ముందు.