గద్దె ఎక్కితే కేసు మాఫీయా?

2013 అక్టోబర్ 12, శనివారం ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ప్రత్యేకంగా సమావేశమైన ఆఫ్రికన్ యూనియన్ అధినేతలు తమకు తామే ఒక రక్షణ కవచం తొడుక్కున్నారు. పదవిలో ఉన్న ఏ దేశాధినేతపైనా ఏ అంతర్జాతీయ న్యాయస్థానంలోనూ విచారణ మొదలు కాకూడదని, మొదలైనది ముందుకు సాగకూడదని తీర్మానించారు. అప్పటి కెన్యా అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా, ఉపాధ్యక్షుడు విలియం రూటోల పదవీకాలం ముగిసేదాకా హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారి కేసులను పక్కన పెట్టాలట. కేసులను వాయిదా వేయించగల ఐక్యరాజ్యసమితి భద్రతామండలిని ఒప్పించడానికి ఒక బృందాన్ని కూడా పంపుతున్నారు. నవంబర్ 12న హేగ్‌లో మొదలు కావలసిన కెన్యాట్టా విచారణను ఎలాగైనా ఆపడమే ఈ హడావిడి అంతటికీ లక్ష్యం. ఇది సిగ్గుచేటైన నిర్ణయం.

2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత కెన్యాలో ఏం జరిగిందో లోకమంతా చూసింది. 1,100 మందికి పైగా హతులయ్యారు, లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. ఎల్డొరెట్ దగ్గర కియంబాలో చర్చిలో తలదాచుకున్న మహిళలనూ పిల్లలనూ 2008 జనవరి 1న లోపలే ఉంచి తగలబెట్టారు. ప్రతీకారం పేరుతో నైవాషాలో మనుషులను ఇళ్లలో బంధించి నిప్పు పెట్టారు. అప్పట్లో రూటో ప్రతిపక్షంలో, కెన్యాట్టా అధికార పక్షంలో ఉన్నారు. ఒకరి అనుచరులు మరొకరి తెగవారిపై సాగించిన దాడుల వెనుక వీరిద్దరి హస్తం ఉందన్నది అభియోగం. ఇద్దరూ దాన్ని తోసిపుచ్చుతున్నారు. నేరం రుజువయ్యేదాకా వారు నిర్దోషులే, అందులో వాదన లేదు. విచారణే జరగకూడదంటేనే మా అభ్యంతరం. ఆనాడు రెండు వైపులా నిలిచిన ఇద్దరు నాయకులు 2013 మార్చిలో చేతులు కలిపి ఒకే కూటమిగా గెలిచారు. ఇళ్లు కోల్పోయిన రెండు తెగల పేదలు మాత్రం 2013 నాటికీ న్యాయం కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.

సార్వభౌమత్వం, సొంత న్యాయస్థానాలు అంటూ ఇప్పుడు గొంతు చించుకుంటున్న కెన్యా నాయకత్వం 2009లో ఏం చేసింది? ఎన్నికల హింసపై విచారణ జరిపిన జస్టిస్ వాకీ కమిషన్ స్వదేశంలోనే ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టి దోషులను తేల్చమంది. అనుమానితుల పేర్లను సీలు వేసిన కవరులో ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్‌కు అప్పగించింది. ట్రిబ్యునల్ పెట్టకపోతేనే ఆ కవరు హేగ్‌కు వెళ్తుందని ముందే చెప్పింది. 2009 ఫిబ్రవరిలో ఆ ట్రిబ్యునల్ బిల్లు కెన్యా పార్లమెంటులో వీగిపోయింది. హేగ్‌కే పోదామని ఆనాడు నినదించిన వారిలో రూటో కూడా ఉన్నారు. హేగ్ చాలా దూరం, అక్కడ కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి, ఈలోగా అంతా మరుగున పడుతుందన్న లెక్క తప్ప దాని వెనుక న్యాయదృష్టి ఏమీ లేదు. 2010 డిసెంబర్‌లో హేగ్ కోర్టు ప్రాసిక్యూటర్ ఆరుగురు అనుమానితుల పేర్లు బయటపెట్టారు. వారం తిరిగేసరికి అదే పార్లమెంటు హేగ్ కోర్టును నెలకొల్పిన రోమ్ ఒప్పందం నుంచి వైదొలగాలని తీర్మానించింది. 2013 సెప్టెంబర్‌లో మళ్లీ అదే పని చేసింది. ఎన్నికల ప్రచారంలో కెన్యాట్టా ఈ కేసు తన వ్యక్తిగత వ్యవహారమని, కోర్టుకు సహకరిస్తానని ఓటర్లకు మాట ఇచ్చారు. గద్దె ఎక్కి ఆరు నెలలు గడిచేసరికి ఆ వ్యక్తిగత వ్యవహారం జాతి గౌరవమైపోయింది, ఖండం మొత్తానికి జరిగిన అవమానమైపోయింది.

ఈ రక్షణ కెన్యా సొంత రాజ్యాంగానికే విరుద్ధం. 2010లో ప్రజలు ఓటేసి ఆమోదించుకున్న ఆ రాజ్యాంగంలోని 143వ అధికరణం అధ్యక్షుడికి విచారణ నుంచి మినహాయింపు ఇస్తూనే ఒక హద్దు గీసింది. కెన్యా చేరిన అంతర్జాతీయ ఒప్పందం అలాంటి మినహాయింపును నిషేధిస్తే, ఆ ఒప్పందం కింద వచ్చే నేరాలకు అధ్యక్షుడికీ రక్షణ ఉండదని చెప్పింది. రోమ్ ఒప్పందం 27వ అధికరణం సరిగ్గా ఆ మినహాయింపునే నిషేధిస్తోంది. ఆ ఒప్పందాన్ని కెన్యా 2005లో తనంతట తానే ఆమోదించింది. అడిస్ అబాబా తీర్మానం ఆ దేశ ప్రజల తీర్పునే తుడిచివేయబోతోంది.

హేగ్ కోర్టు కన్ను ఆఫ్రికా మీదే పడుతోందని, అమెరికా, రష్యా, చైనాలు దాని పరిధిలోకే రాలేదని ఆఫ్రికా నాయకులు అంటున్నారు. ఇరాక్‌ను ధ్వంసం చేసినవారిని అడిగే కోర్టు లేదన్న ఆవేదనలో నిజం ఉంది. కానీ ఉగాండా, కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్, మాలి కేసులను ఆ కోర్టుకు అప్పగించింది ఆయా ప్రభుత్వాలే. 2013లో ప్రాసిక్యూటర్‌గా ఉన్న ఫతూ బెన్సూదా గాంబియా దేశస్థురాలు. అడిస్ అబాబాలో కెన్యాట్టా ఈ కోర్టును ప్రాభవం కోల్పోతున్న సామ్రాజ్యాల ఆటబొమ్మ అన్నారు. కియంబాలో కాలిపోయిన వారు ఏ సామ్రాజ్య పౌరులు?

వెస్ట్‌గేట్ మాల్ మీద ఉగ్రవాదుల దాడిని కూడా సాకుగా చూపుతున్నారు. 2013 సెప్టెంబర్‌లో కెన్యా రాజధాని నైరోబీలో జరిగిన ఆ ఘోరంలో మరణించిన వారిలో భారతీయులూ ఉన్నారు. ఆ దుఃఖం మనదీ. అయితే దాడి జరిగిన వెంటనే రూటోకు స్వదేశం వెళ్లడానికి హేగ్ న్యాయమూర్తులు వ్యవధి ఇచ్చారు. దేశానికి కష్టం వచ్చినప్పుడు కోర్టు పట్టువిడుపు చూపుతుందని అక్కడే తేలింది. అరవైకి పైగా శవాలను అడ్డం పెట్టుకుని వెయ్యి మందికి పైగా మృతుల కేసును మూయాలనడం దారుణం.

అన్నిటికన్నా భయం గొలిపేది ఈ తీర్మానం వేసే ఒరవడి. 2010లో ఐవరీ కోస్ట్‌లో ఎన్నికల్లో ఓడిన లారెంట్ గ్బాగ్బో కుర్చీ దిగనని మొండికేశారు. దేశం అంతర్యుద్ధంలో పడింది, వేల మంది చనిపోయారు. చివరికి పట్టుబడి, 2013 నాటికి హేగ్ జైలులో ఉన్నారు. ఆయన కుర్చీ నిలబెట్టుకుని ఉంటే ఈ తీర్మానం ప్రకారం ఆయన జోలికి ఎవరూ పోకూడదు! ఓడినవాడు హేగ్‌కు, గెలిచినవాడు గద్దెకు. రేపు ఆఫ్రికాలో ఎన్నికలకు వెళ్లే ప్రతి నాయకుడికీ ఈ సంఘం నేర్పుతున్న నీతి ఇదే. ఎన్ని తలలు తెగినా సరే గెలవాలి, గెలిచాక ఎన్నటికీ దిగకూడదు. ఎన్నికల హింస కేసులో నిందితులకు ఎన్నికల గెలుపునే కవచంగా ఇస్తే హింసను ఆపేదెవరు? సంస్థాపక చట్టంలో శిక్షలేనితనాన్ని తిరస్కరిస్తామని రాసుకున్న ఆఫ్రికన్ యూనియన్ ఈ పనికి దిగడం కంచే చేను మేయడం. చాద్ మాజీ నియంత హబ్రేను విచారించేందుకు సెనెగల్‌తో కలిసి ప్రత్యేక కోర్టు పెట్టినదీ ఈ సంస్థే. ఆయన పదవి పోయినవాడు కనుక అభ్యంతరం రాలేదు.

ఈ విచారణలను వాయిదా వేయడమంటే చంపేయడమే. సాక్షుల మీద ఇప్పటికే వల పడింది. రూటో కేసులో బోనెక్కిన మొదటి సాక్షి కియంబా మంటల నుంచి బయటపడిన మహిళ. కోర్టు ఆమె పేరు దాచితే సామాజిక మాధ్యమాల్లో బయటపెట్టారు. సాక్షులను లంచాలతో లొంగదీయబోయాడన్న అభియోగంపై ఒక మాజీ పాత్రికేయుడిపై అరెస్టు వారంటు 2013 అక్టోబర్‌లోనే వెలుగు చూసింది. కెన్యాట్టాతో పాటు నిందితుడైన మాజీ ఉన్నతాధికారి ముథౌరాపై కేసును 2013 మార్చిలో ప్రాసిక్యూటర్ వదులుకోవలసి వచ్చింది కూడా సాక్షులు నిలవకే. నిందితులు అధికారంలో ఉండగా మరో నాలుగేళ్లు ఆగితే సాక్ష్యం చెప్పే గుండె ఎవరికి మిగులుతుంది? 1984 ఢిల్లీ మారణకాండ బాధితులు 2013 నాటికి 29 ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతుండగా ఆరోపణలు ఎదుర్కొన్న నాయకులు ఎంపీలుగా, మంత్రులుగా వెలిగిన దేశం మనది. ఆలస్యం ఎవరికి మేలు చేస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. రోమ్ ఒప్పందంపై నేటికీ సంతకం చేయని న్యూఢిల్లీ కనీసం ఈ తీర్మానానికి వంత పాడకుండా ఉండాలి.

భద్రతామండలిలో వాయిదాకు 9 ఓట్లు కావాలి. ఆ ఓటు వేయబోయే ప్రతి దేశం తర్వాతి ఎన్నికల్లో జరిగే హత్యలకు ముందే హామీ సంతకం పెడుతున్నట్టు. మండలి ఒకసారికి ఇవ్వగలిగే 12 నెలల గడువు ఇస్తే ఏడాదికోసారి మళ్లీ అడగరన్న భరోసా ఏమిటి? సొంత కోర్టును కాలదన్నినది నైరోబీ. హేగ్‌కే పోదామన్నదీ నైరోబీయే. కెన్యాట్టా ఓటర్లకు ఇచ్చిన మాట మీద నిలబడి నవంబర్ 12న కోర్టు ముందుకు వెళ్లాలి. నిర్దోషినన్న నమ్మకం ఉంటే ఆ మాట న్యాయమూర్తులకు చెప్పాలి, అడిస్ అబాబాలో తోటి అధ్యక్షులకు కాదు.